ఒకటి లేని ఇల్లు

మా తమ్ముడి కన్ను తియ్యడానికి వచ్చిన మనిషి మా ఇంట్లో రెండు కప్పుల టీ తాగి వెళ్ళాడు.

ఉదయం ఏడు కూడా కాలేదు. మా ఆయన కమ్యూన్ పంచాయతీ కార్యాలయంలో ఉద్యోగానికి బయలుదేరి పావుగంటయింది. వచ్చినాయన చెప్పులు గుమ్మం బయట విడిచి, మా నాన్న పటానికి మూడుసార్లు తల వంచి, ఆ తరువాతే కూర్చున్నాడు. వెంట వచ్చిన ఇద్దరు మాత్రం బూట్లతోనే గడప మీద నిలబడ్డారు. తన పేరు తుయెన్ అనీ, ఉత్తరాన నామ్ దిన్ నుంచి వచ్చి నాలుగు రోజులైందనీ, ఐసు లారీ మీద పనిచేసే కుర్రాడు తన ఒక్కగానొక్క కొడుకనీ చెప్పాడు. ఆయన చెప్పకముందే నాకు తెలుసు. ఆ యాసతో మా రేవు దాకా వచ్చి మా ఇల్లు అడిగేవాళ్ళు ఇంకెవరుంటారు?

పదకొండు రోజుల కిందట మా నాన్న తద్దినం. సైగాన్‌లో కూరగాయల టోకు మార్కెట్లో మూటలు మోసే మా చిన్న తమ్ముడు డుక్ ఆ ఒక్కరోజు కోసం వచ్చాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బీరు తాగి రేవుకు వెళ్ళాడు. అక్కడ ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఈ తుయెన్ గారి కొడుకు వాడిని ఎకసెక్కం చేశాడు. మా నాన్న సముద్రంలో పోయాడు, శవం దొరకలేదు. "మీ నాన్న తద్దినం భోజనం చేపలు ఎప్పుడో తినేశాయి కదరా" అన్నాడట. డుక్ పక్కనున్న ఐసు కొక్కెం అందుకున్నాడు. దిమ్మలు లాగే కొక్కెం, వేలెడు పొడవు ముల్లు. ఎడమ కంట్లో దిగింది. ఇది చూసిన పదిహేను మందీ పోలీసులకు మాత్రం చీకటి పడింది, ఎవరో కనపడలేదు అని చెప్పారు. అప్పటికింకా అయిదు గంటలే. డుక్ ఆ సాయంత్రమే సైగాన్ వెళ్ళిపోయాడు. ఫోను వంతెన మీద నుంచి కాలవలోకి విసిరేశాడని తరువాత ఎవరితోనో కబురు చేశాడు.

దెబ్బ తిన్న కుర్రాడికి గుర్తున్నది ఒక్కటే, కొట్టినవాడు లుయెన్ ముసలమ్మ కొడుకు అని. లుయెన్ మా అమ్మ. ఆవిడకు ఇద్దరు కొడుకులు.

తుయెన్ గారు టీకొట్టులో అప్పటికే ఆరా తీసి వచ్చాడు. పెద్దకొడుకు పడవ మీద, చిన్నకొడుకు సైగాన్ కూరగాయల మార్కెట్లో అన్నంతవరకు ఎవరో చెప్పారు. పేర్లు చెప్పలేదు.

"ఇద్దర్లో ఎవరో చెబితే చాలమ్మా" అన్నాడు నాతో. "ప్రాణం నాకక్కర్లేదు. మా వాడికి ఏది పోయిందో అదే తీసుకుంటా. ఎవరో నువ్వు చెప్పకపోతే ఇద్దరి దగ్గరా తీసుకోవాల్సొస్తుంది. అది అన్యాయం కదా."

ఎంత నెమ్మదిగా అన్నాడంటే వంటింట్లో చేప ముక్కలు మాడుతున్న చిటపట నాకు స్పష్టంగా వినిపించింది. నేను కాంతొ పట్నంలో డిగ్రీ చదువుకున్నదాన్ని, తొందరపడి మాట జారే రకాన్ని కాను. అయినా అప్పుడు నా బుర్రలో ఒకే లెక్క నడిచింది. పెద్ద తమ్ముడు ఖియెమ్ చేపల పడవ మీద సముద్రంలో ఉన్నాడు, ఇరవై రోజుల దాకా రాడు. ఈ ముసలాయన సముద్రంలోకి వెళ్ళలేడు. ఇరవై రోజుల్లో కోపం తగ్గొచ్చు, పెద్దమనుషులు కూర్చోవచ్చు, ఏదైనా జరగొచ్చు.

"మూడోవాడు" అన్నాను.

ఆయన గోడ మీద నా పెళ్ళి ఫొటో దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అందులో మేం ముగ్గురం వయసు వరసలో ఉన్నాం. కాసేపు చూసి, తల ఊపి, నిజం చెప్పావు, మంచింటి పిల్లవి అన్నాడు. సైగాన్‌లో కంటాసుపత్రిలో పిల్లాడికి ముందు జావ తాగించాలనీ, వాడు తన చేత్తో పెడితే తప్ప తినడం లేదనీ, ఆ తరువాత మిగతా పని చూసుకుంటాననీ చెప్పి చెప్పులు వేసుకున్నాడు. వ్యాను కదిలిన చప్పుడయింది.

కప్పులు కడుగుతున్నప్పుడు ఆయన వేలు గుర్తొచ్చింది. ఫొటో అద్దం మీద ఆ వేలు నా మీద ఆగింది, తరువాత ఖియెమ్ మీద, తరువాత డుక్ మీద. పెదవులు కదిలాయి. ఆయన ఒకటి నుంచి లెక్కపెట్టాడు.

మా దక్షిణాన ఏ ఇంట్లోనూ ఒకటి ఉండదు. తొలి బిడ్డను రెండు అని పిలుస్తాం. తొలిచూలును దెయ్యాలు ఎత్తుకుపోతాయని పాతకాలంలో భయపడేవారట, కారణమేదైతేనేం, పిలుపు అలాగే నిలిచింది. నేను రెండు. ఖియెమ్ మూడు. డుక్ నాలుగు. ఇంట్లోనూ వీధిలోనూ అందరూ మమ్మల్ని అలాగే పిలుస్తారు, పేర్లు బడి రిజిస్టర్లో తప్ప పనికి రావు. ఉత్తరాదివాళ్ళకు పెద్దబిడ్డే ఒకటి. నేను మూడోవాడు అంటే, నాలుగు రోజుల కిందట దిగిన ఆ మనిషికి వినపడింది ముగ్గుర్లో ఆఖరివాడు అని.

అబద్ధం చెప్పబోయి నేను ఆయనకు నిజం చెప్పేశాను.

చేపల మూకుడు దింపి, మంచాన ఉన్న అమ్మను చూస్తుండమని పక్కింటావిడకు చెప్పి, ఎనిమిది గంటల సైగాన్ బస్సు ఎక్కాను. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఒక్కదాన్నే సైగాన్ వెళ్ళడం అదే మొదటిసారి. మా ఆయనకు చెప్పలేదు. చెబితే పోలీసుల దగ్గరికి వెళ్దాం అంటాడు, డుక్ జైలుకు వెళ్తాడు.

బస్సులో చెర్రీపళ్ళ బుట్టలు, కాళ్ళు కట్టేసిన బాతులు, ఎండురొయ్యల మూటలు. పక్కన కూర్చున్న ముసలమ్మ బస్సు కదలగానే నువ్వు ఇంట్లో ఎన్నోదానివమ్మాయ్ అని అడిగింది. మా వైపు ముక్కూమొహం తెలియని వాళ్ళు కూడా మొదట అడిగేది అదే. రెండు అన్నాను.

"అబ్బో, అయితే పెద్దదానివి. నేను ఐదు. ఐదత్తా అని పిలువు. తమ్ముళ్ళున్నారా?"

"ఇద్దరు."

"తాగుతారా?"

"తాగుతారు."

"అయితే నీ పని అయిపోయినట్టే" అని నవ్వి, చెర్రీపళ్ళు గుప్పెడు నా ఒళ్ళో పోసింది.

నేను తినలేదు. తుయెన్ గారి వ్యాను మాకంటే అరగంట ముందుంది. ఆసుపత్రిలో జావ తాగించడానికి గంట. నేను మధ్యలో ఎక్కడా ఆగకుండా వెళితే వాళ్ళకంటే ముందే మార్కెట్లో ఉంటాను. ఆ లెక్క మళ్ళీ మళ్ళీ చేసుకుంటూ కూర్చున్నాను.

పెద్ద వంతెన దాటాక మా బస్సు వెనక ఇంకో బస్సు పడింది. రెండూ రోడ్డు పక్క నిలబడ్డ ప్రయాణికుల కోసం పోటీ. ఒకచోట సంచులతో నిలబడ్డ నలుగురి ముందు రెండు బస్సులూ ఒకేసారి ఆగాయి. వాళ్ళ సంచులు మా కండక్టరు ఇటు లాగాడు, ఆ కండక్టరు అటు లాగాడు. ముందు బూతులు, తరువాత తోపులాట. మావాడు మెట్టు కింద నుంచి చక్రాలు విప్పే ఇనపరాడ్డు తీసి ఆ కండక్టరు భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన శబ్దం చెరుకుగడ విరిచినట్టుంది. ఆ బస్సు డ్రైవరు దిగి మా కండక్టరు జుట్టు పట్టుకుని తలను మా బస్సు తలుపుకేసి కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు. కిటికీల్లోంచి జనం సెల్‌ఫోన్లు పట్టుకున్నారు. బాతులు అరుస్తున్నాయి. ఐదత్త కిటికీలోంచి తల బయటికి పెట్టి, కొట్టుకుని చావండి గానీ ముందు మమ్మల్ని దింపి చావండి అంది.

నేను మాత్రం గడియారం చూసుకుంటున్నాను. నా కళ్ళ ముందు ఒక మనిషి భుజం వేలాడుతుంటే నేను నిమిషాలు లెక్కపెడుతున్నానన్న సంగతి అప్పుడు నాకు వింతగా కూడా అనిపించలేదు. ఇరవై అయిదు నిమిషాలు పోయాయి. మా కండక్టరు తువ్వాలు తలకు చుట్టుకుని, రక్తం కళ్ళలోకి కారుతుండగానే టిక్కెట్లు కొట్టాడు.

సైగాన్‌లో చోలాన్ బస్టాండులో దిగి కిరాయి మోటారుసైకిలు మాట్లాడుకున్నాను. నడిపేవాడు బేరానికి దిగితే అడిగినంత ఇస్తా, తొందరగా పద అన్నాను. పదకొండు దాటింది.

రాత్రంతా బరువులు మోసే ఆ మార్కెట్ పగలు నిద్రపోతుంది. రేకుల షెడ్లలో కూలీలు ఉయ్యాల మంచాల్లో పడుకున్నారు. క్యాబేజీల వరసలో కుళ్ళిన ఆకుల మీద నడుస్తూ లుయెన్ కొడుకు నాలుగు ఎక్కడ అని అడిగాను. చివరి ఉయ్యాల చూపించారు. వాడు అక్కడ కూర్చుని నూకలన్నం, వేయించిన పంది ముక్క తింటున్నాడు. వాళ్ళింకా రాలేదు.

"రెండక్కా!" అన్నాడు నోట్లో అన్నంతోనే. "మా మార్కెట్లో చేపల వాసనేంట్రా అనుకుంటున్నా. నువ్వా?"

తినడం ఆపి లేవమన్నాను. నువ్వు కొట్టిన కుర్రాడి తండ్రి వస్తున్నాడు, వెంట ఇద్దరున్నారు, ఏ బస్సు దొరికితే ఆ బస్సెక్కి కంబోడియా సరిహద్దు వైపు వెళ్ళు అన్నాను. మెడలో గొలుసు తీసి వాడి చేతిలో పెట్టాను. వాడు గొలుసు చూశాడు, నన్ను చూశాడు.

"నేనని వాళ్ళకెలా తెలిసింది?"

అక్కడ నేను అబద్ధం చెప్పి ఉండాల్సింది. పొద్దున చెప్పిన అబద్ధం ఒక్కటి చాలనిపించిందో ఏమో, జరిగింది జరిగినట్టు చెప్పాను. మూడోవాడు అని చెప్పాననీ, వాళ్ళు ఒకటి నుంచి లెక్కపెట్టారనీ.

వాడు అన్నం పళ్ళెం కింద పెట్టాడు.

"అంటే నువ్వు చెప్పింది మూడన్న పేరు."

"వాడు సముద్రంలో ఉన్నాడు."

"ఎల్లకాలం సముద్రంలోనే ఉంటాడా? దిగడా? దిగిన రోజున రేవులో వీళ్ళు నిలబడి ఉంటే? మూడన్నకు ఏం తెలుసని? వాడు ఆ రోజు రేవులోనే లేడు."

గొంతు తగ్గించమన్నాను. ముందు నువ్వు వెళ్ళు, మిగతాది తరువాత పోట్లాడుకుందాం అన్నాను. వాడు కదలలేదు. చిన్నప్పుడు నాన్న కొట్టబోతే తనకు అడ్డం నిలబడింది మూడన్నేనని, నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్నని అన్నాడు. అది నిజమే. అయినా అది అప్పుడు అనాల్సిన మాట కాదు. నేను కూడా ఏదో అన్నాను, నాన్న తద్దినం నాడు బీరు తాగి కొక్కెం పట్టుకుంది మూడన్న కాదుగా అని. అలా మేం అయిదు నిమిషాలు వాదించుకున్నాం. మాకు ఉన్నవే ఆ అయిదు నిమిషాలు.

తుయెన్ గారు ఒక చేతిలో ఖాళీ జావ క్యారియరుతో వరస చివర కనిపించాడు. ఆ ఇద్దరూ ఆయన్ని దాటి వచ్చారు. ఒకడు డుక్ ఉయ్యాల తాడు కోశాడు. డుక్ వీపు మీద పడ్డాడు. లేవబోతుంటే రెండోవాడు మూటలు మోసే కావడిబద్ద తీసి మెడ మీద కొట్టాడు. నేను మధ్యలోకి వెళితే నన్ను క్యాబేజీల గుట్ట మీదికి తోశారు. పడ్డచోటు నుంచి చూశాను. కడుపులో బూటు, పక్కటెముకల మీద బూటు, డొక్కలో బూటు. డుక్ ఒక్కసారి వాళ్ళలో ఒకడి చెవి పళ్ళతో పట్టుకున్నాడు. ఆ మనిషి అరిచి, డుక్ మొహాన్ని సిమెంటు నేలకేసి రుద్దాడు. చుట్టూ ముప్ఫై మంది కూలీలు లేచి నిలబడ్డారు. కంటి సంగతి వాళ్ళకూ తెలుసు. ఎవరూ ముందుకు రాలేదు.

డుక్‌ను వెల్లకిలా తిప్పి, ఒకడు చేతుల మీద, ఒకడు కాళ్ళ మీద కూర్చున్నారు. తుయెన్ గారు క్యారియరు జాగ్రత్తగా ఒక పెట్టె మీద పెట్టి, గోడకు తగిలించిన గోనెల కొక్కెం తీసుకున్నాడు.

అప్పుడు నేను మాట్లాడాను. అరవలేదు. అరిస్తే ఆ మనిషి వినడని అనిపించింది.

"వాడు నాలుగు. మీకు నేను చెప్పింది మూడు."

ఆయన నా వైపు తిరిగాడు. "మీ ముగ్గుర్లో ఇతనే కదా మూడు?"

"మా ఇంట్లో ఒకటి లేదు. నేను రెండు. కావాలంటే ఇక్కడ ఎవర్నైనా అడగండి."

ఆయన అడిగాడు. ఒక ముసలి కూలీని పిలిచి, మీ ఇంట్లో పెద్దకొడుకుని ఏమంటారు అన్నాడు. రెండు అన్నాడతను. ఇంకొకణ్ణి అడిగాడు. రెండు. తుయెన్ గారు కొక్కెం దించాడు. తరువాత డుక్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రక్తం కారుతున్న వాడి మొహంలోకి చూస్తూ, పొరపాటైంది నాయనా, నేను కొత్తవాణ్ణి అన్నాడు. ఆ మర్యాద చూస్తుంటే నాకు కొక్కెం కంటే ఎక్కువ భయం వేసింది.

"మరి మూడోవాడి పడవ నంబరు చెప్పమ్మా."

ఆయన చూపు తమ్ముడి మీదికి వెళ్ళింది, కొక్కెం మీదికి వెళ్ళింది. ఆ ఇద్దరూ ఇంకా వాడి మీద నుంచి లేవలేదు.

పడవ నంబరు చెప్పాను. చివరి అంకె దాకా సరైన నంబరు. తప్పు నంబరు చెప్పొచ్చన్న ఆలోచన నాకు ఆ మరునాడు వచ్చింది.

వాళ్ళు లేచారు. తుయెన్ గారు క్యారియరు తీసుకుని, నాకు తల వంచి, గేటు వైపు నడిచాడు. అయిపోయింది, తమ్ముడి రెండు కళ్ళూ ఉన్నాయి. నేను ఆ మొహం తుడవడానికి వంగాను. డుక్ నా చెయ్యి నెట్టేసి మోకాళ్ళ మీద లేచాడు. ఎక్కడికిరా అన్నాను. చొక్కా పట్టుకున్నాను. వాడు విదిలించుకున్నాడు. మళ్ళీ రెండు చేతులతో నడుం పట్టుకున్నాను. మోచేత్తో కొట్టాడు. పుట్టాక నా తమ్ముడు నా మీద చెయ్యి చేసుకోవడం అదే మొదటిసారి. పెదవి చిట్లి నోరు ఉప్పగా అయింది. నేను వదిలేశాను.

ఒక చెయ్యి డొక్క మీద పెట్టుకుని, కుంటుతూ, గేటు దాకా వెళ్ళాడు.

"అయ్యా" అని పిలిచాడు. "మా అక్క అబద్ధం చెప్పింది. మూడన్న ఆ రోజు సముద్రంలోనే ఉన్నాడు. కొట్టింది నేనే."

తుయెన్ గారు వ్యాను తలుపు మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. ఆ ఇద్దరూ వెనక్కి వస్తుంటే చేత్తో ఆపాడు. తమ్ముడి ముందుకు వచ్చి మొహంలోకి చూశాడు, ఎంతసేపంటే గేటు దగ్గర కొబ్బరిబోండాలు కొట్టే మనిషి కత్తి ఆపి చూశాడు.

"మా వాడు ఏమన్నాడు నిన్ను?"

డుక్ చెప్పాడు. చేపల మాట.

"వాడి నోరు అంతే" అన్నాడు తుయెన్ గారు. "వాళ్ళమ్మ పోలిక. అయినా కన్ను పోయేంత మాట కాదు."

"కాదు" అన్నాడు డుక్.

"నువ్విప్పుడు వచ్చి ఒప్పుకోకుండా పారిపోయి ఉంటే కన్నే తీసేవాణ్ణి. ఏ చేత్తో కొట్టావు?"

డుక్ కుడిచెయ్యి చాపాడు. గేటు పక్కన బస్తాలు తూచే ఇనప కాటా ఉంది. ఎవరూ చెప్పకుండానే ఆ చెయ్యి కాటా పళ్ళెం మీద పరిచాడు. ఒకడు వ్యానులోంచి జాకీరాడ్డు తెచ్చి తాను కొట్టబోతే ముసలాయన లాక్కున్నాడు. ఆయన చేతుల్లో బలం లేదు. మొదటి దెబ్బకు వేళ్ళు చితికాయి గానీ ఎముక విరగలేదు. రెండోది మణికట్టు మీద జారింది. మూడోదానికి విరిగింది. కాటా ముల్లు ప్రతి దెబ్బకూ ఎగిరి మళ్ళీ తన చోటికి వచ్చింది. డుక్ అరవలేదు, కానీ కాళ్ళ కింద తడి అయింది. నేను పక్కనే నిలబడి వాడి భుజం పట్టుకున్నాను. ఈసారి వాడు నన్ను నెట్టలేదు.

తుయెన్ గారు రాడ్డు కింద పడేసి, రొప్పుతూ, ఇంక నాకు మీతో పని లేదు అన్నాడు. వ్యాను వెళ్ళిపోయింది.

దగ్గర్లోని క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి మూడుచోట్ల విరిగిందన్నారు. ఆ చెయ్యి మళ్ళీ మూట ఎత్తదని డాక్టరు నాకు విడిగా చెప్పింది. కట్టు కట్టేసరికి నాలుగయింది. మార్కెట్లో పనిచేసే ఒక కూలీ డుక్‌ను తన గదికి తీసుకెళ్తానన్నాడు. నేను ఉంటానన్నాను. వద్దన్నాడు డుక్. అమ్మకు రాత్రికి గంజి ఎవరు తాగిస్తారు, వెళ్ళు అన్నాడు. గొలుసు తిరిగి నా చేతిలో పెట్టాడు.

"మూడన్న రేవుకొచ్చాక నేనే వచ్చి చెప్తా. నువ్వు చెప్పకు. ఇంకెప్పుడూ మా ఇద్దరి గురించి నువ్వు ఎవరికీ ఏదీ చెప్పకు."

సరే అన్నాను.

అయిదు గంటల బస్సు బస్టాండులో ఎక్కాను. నా జాకెట్టు ముందు భాగం, మోకాళ్ళు రక్తంతో బిరుసెక్కాయి. వాడిది ఏదో నాది ఏదో తెలియడం లేదు. కండక్టరు కొత్తమనిషి. ఎక్కడిదాకా అని అడిగి, టిక్కెట్టు చింపి ఇచ్చి, ఏమైందని అడగలేదు. సీటు కింద నుంచి పాత వార్తాపత్రిక తీసి, మడతలు విప్పి, సీటు మీద వెడల్పుగా పరిచి, కూర్చోమన్నట్టు చెయ్యి చూపించాడు. నేను దాని మీద కూర్చున్నాను.